కార్జం కుప్ప

నా ఎనుక నిలవడ్డాయన దగ్గిండు. రెండుసార్లు. నడుమ రవ్వంత ఆగి, మల్లొకసారి.

నేను గిర్రున మర్లిన. "ఏందయ్యా, ఎవలికి దగ్గుతున్నవ్? ఎవలికి సైగ చేస్తున్నవ్?" అని గట్టిగనే అడిగిన.

పాపం ఆ మనిషి బిత్తరపోయిండు. తెల్లంగి, కొత్త దోతి, చేతుల స్టీలు టిఫిను. "సర్దయింది అమ్మా," అన్నడు. లైన్ల ఉన్నోళ్లు కిసుక్కున నవ్విన్రు. ఒక పోరి ఫోను లేపి నన్ను వీడియో తీసుడు మొదలువెట్టింది. తియ్యి బిడ్డా, మంచిగ తియ్యి. పండుగపూట ముసల్దానికి మతి తప్పిందని నలుగురికి పంపు. నాకేం ఫరక్ పడదు.

దసరా నాడు పొద్దుగాల సిద్దిపేటల మటన్ దుకాణం ముందట నిలవడుడంటె సర్కారు దవాఖానల చీటీ కాడ నిలవడ్డట్టే. కాళ్లు గుంజుతయి. మా ఇంట్ల తినేటోళ్లు ఎనిమిది మంది, తెచ్చేటోళ్లు ఒక్కలు లేరు. కొడుకు మంచం దిగడు. కోడలు "ఆన్‌లైన్ల పెడ్త అత్తమ్మా" అంటది. ఆన్‌లైన్ల వచ్చేది యాటదో గొడ్డుదో ఎవలికెర్క? అందుకే నేనే సంచి వట్టుకొని బయలెల్లిన.

నా వంతు వచ్చింది. మటన్ కొట్టేటాయన కత్తి ఆపకుంటనే అడిగిండు. "అమ్మా, కార్జం ఎయ్యాల్నా, లివరు? తలకాయె ఊపు, చాలు. జల్ది."

నేను ఊపలే. ఎనుక ఆ దగ్గు, ముందట ఈ కార్జం, తలకాయె ఊపుమనుడు. మూడూ ఒక్కపారే వచ్చి మీద పడ్డయి. యాభై ఏండ్ల కింద గిట్లనే దసరా పొద్దున, గిట్లనే పచ్చి మాంసం వాసనల, నేను ఒకసారి తలకాయె ఊపిన.

మా తమ్ముడున్నడు, వాడు మా పాత గల్లీ గురించి వాట్సాప్‌ల పొడుగు పొడుగు రాస్తడు. అందరు ఒక్క ఇంటోళ్ల లెక్క ఉంటుండ్రట, పండుగొస్తే ఒక్క పొయ్యి మీద వండుకుంటుండ్రట, ఆ రోజులే వేరట. అది సదివి అందరు దండం బొమ్మలు పెడ్తరు. నాకు ఒళ్లు మండుతది. అరేయ్, నువ్వు అప్పటికి పుట్టి ఏడాది కూడ కాలేదురా. నీకేం ఎర్క? నాకెర్క. నేను ఆడ ఉన్న.

మా గల్లీ బజార్లకెళ్లి లోపటికి మర్లే సన్న గల్లీ. ఆరిండ్లు, ఆరు దుకాణాలు. ముందట దుకాణం, ఎనుక కాపురం. మొదట్ల మాది. మా బాపు బట్టలు కుడ్తుండె. మా పక్కన సైకిళ్లు కిరాయికిచ్చేటాయన. ఎదురుంగ కుండలు చేసేటోళ్లు, ఆళ్ల పక్కన కల్లు అమ్మే తాత, ఆ పక్కన బట్టలుతికేటోళ్లు. ఆరో దుకాణం గాజులత్తది. దుకాణమంటె దుకాణం కాదు, మా ఇంటి అరుగే. అరుగు ఒక మూలకు ఆమె చాప, గాజుల పెట్టెలు. ఎనుక ఇంత అర్రల ఆమె ఉంటుండె. ఆమె పెనిమిటి ఎన్నడో సచ్చిపోయిండు. పిల్లల్లేరు. ఊర్ల ఆడోళ్లందరికి గాజులేసేది, తన చేతులు మాత్రం బోసిగుండేవి.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నుంచి దసరా దాకా మా గల్లీల కాలు పెట్ట జాగ ఉంటుండె కాదు. నంగునూరు నుంచి, కోహెడ నుంచి బస్సుల మీద తంగేడు పువ్వు, గునుగు పువ్వు మోపులు మోపులు దిగుతుండె. దిగినోళ్లు ఉత్తగ పోతరా? మొదలు మా బాపు తాన రైకలకు కొలతలిచ్చి, ఆడ్నే అరుగు మీద కూసోని గాజులేయించుకొని, మొగోళ్లయితే తాత కాడ ఓ ముంత తాగి, అప్పుడు బజార్లకు పోతుండ్రి. మిషన్ నూనె వాసన, ఇస్త్రీపెట్టెల బొగ్గుల వాసన, కొత్త బట్ట గంజి వాసన, తాత ముంగట పులిసిన కల్లు వాసన. ఇప్పటికి నాకు గీ నాలుగు వాసనలు కలిస్తేనే దసరా. గిప్పుడు దసరా అంటె ఫినాయిలు వాసన.

పండుగకు నాలుగు దినాల ముందు యాట వస్తుండె. పొత్తుల యాట. ఆరిండ్లోళ్లు కలిసి ఒక్క యాటను తెచ్చి కుండలోళ్ల ఇంటి ముందట గుంజకు కట్టేస్తుండ్రి. పిలగాండ్లం దానికి ఆకులేసుడు, దాని చెవుల ఊదుడు. ఒకేడు నేను తాడు ఇప్పితె అది సక్కగ మా దుకాణంలకు జొచ్చి, ములుగు పటేలు అంగికి కుట్టిన చెయ్యి సగం నమిలింది. మా బాపు నన్ను తిట్టుకుంట తిట్టుకుంట రెండో చెయ్యి గూడ మోచేతి దాకా కత్తిరిచ్చిండు. పటేలు వస్తే, "గిప్పుడు హైద్రాబాదుల అందరు గింతే తొడుగుతున్రు పటేలా" అన్నడు. పటేలు అద్దంల అటు మర్లి ఇటు మర్లి సూసుకొని, గట్లాంటియే ఇంకో రెండు కుట్టుమన్నడు. మా బాపు గట్లాంటోడు. మంచోడు కాదు, చెడ్డోడు కాదు. ఆ పూట గడిస్తె చాలు ఆయనకు.

దసరా పొద్దున యాటను కోసి, తాటాకుల చాప మీద ఆరు కుప్పలు పెడ్తుండ్రి. మెత్తటి కూర, బొక్కలు, బోటి, అన్నీ ఆరు కుప్పలల్ల సమానం. ఒక్క కార్జం మాత్రం కొయ్యరు. ఆరు ముక్కలు చేస్తె నాలికకు తాకది గద. అందుకని దాన్ని ఉన్నదున్నట్టు ఒక్క కుప్ప మీద పెడ్తుండ్రి. కార్జం కుప్ప ఎవలింటికి పోతె ఆ ఏడు ఆళ్ల దుకాణం నడుస్తదని గల్లీల నమ్మకం. అందుకే ఆరిండ్లోళ్లకు ఆ కార్జం మీదనే కన్ను. తినేటందుకు కాదు, గెలిచేటందుకు.

కుప్పలు పంచే పద్ధతి గిది. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క గురుతు. మాది అంగి గుండీ. సైకిలాయనది చక్రంల ఉండే ఉక్కు గోళీ. కుండలోళ్లది పెంకు. తాతది ఈతకమ్మ ముక్క. బట్టలోళ్లది ఇంత తెల్లబట్ట పేలిక. గాజులత్తది పలిగిన గాజు ముక్క. ఈ ఆరు గురుతులు ఒక చిన్నపిల్ల ఒడిల పోసి, కుప్పల దిక్కు ఈపు వెట్టి గోడ దిక్కు మొకం చేసి కూసోవెడ్తుండ్రి. పెద్దోళ్లల్ల ఒకలు ఒక్కొక్క కుప్ప మీద చెయ్యి వెట్టి "గిదెవలిదే?" అని అడుగుతరు. పిల్ల ఎనుకకు సూడకుంట ఒడిలకెళ్లి ఒక గురుతు తీసి ఎనుకకు అందిస్తది. గుండీ ఇస్తే మాది, పెంకు ఇస్తే కుండలోళ్లది. ఇగ దాని మీద మాట లేదు.

మూడేండ్లు ఆ పిల్లను నేనే. నాకెంత పొగరుండెనో! గల్లీ గల్లీ నా ఎనుక ఊపిరి బిగవట్టుకొని నిలవడుతుండె. గంత మర్యాద నాకు మల్ల పెండ్లిల గూడ దొరకలే.

ఇగ మా బాపమ్మ సంగతి చెప్పాలె. సచ్చినోళ్లను తిట్టద్దంటరు. సచ్చినంత మాత్రాన మంచోళ్లయితరా? మా బాపు తల్లి ఆమె. సన్నటి మనిషి, చుట్ట తాగి తాగి గొంతు గీసుకపోయి ఎప్పుడూ దగ్గుతుండె. ఎవలన్న బాగుపడితె ఆ దినం ఆమెకు బువ్వ దిగకపోతుండె. గాజులత్త అంటె మరీను. అరుగు మీద ఆమె జాగ ఖాళీ అయితె ఆడ ఇంకో మిషన్ ఎయ్యచ్చని బాపమ్మ పోరు. "నీ అరుగు మీద రండకూతురును కూసోవెట్టుకున్నవ్, లచ్చిమి ఎట్లొస్తదిరా?" అని దినాం మా బాపును పొడుస్తుండె. మా బాపు సూది దారం నోట్ల వెట్టుకొని, "ఏ తప్పు చేసిందని ఎల్లగొడ్తనే అవ్వా? గల్లీ ఊకుంటదా?" అంటుండె.

గల్లీ ఊకోది. గది నిజమే. తప్పు లేకుంట ఒంటి ఆడమనిషిని ఎల్లగొడ్తె నలుగురు ఉమ్మేస్తరు. బాపమ్మకు కావల్సింది ఒక్క తప్పు.

నేను గురుతులిచ్చుడు మొదలైన ఏడే బాపమ్మ నన్ను వంటింట్లకు పిలిచింది. "ఇగో పోరి, నేను రెండుపార్ల దగ్గుత. నడుమ ఆగుత. గప్పుడు గుండీ ఇయ్యి. కార్జం మొదటి ముక్క నీకే." గంతే. ఆమె ఎప్పుడూ దగ్గుతది గద, ఎవలికి అనుమానం రాలే. రెండేండ్లు కార్జం కుప్ప మా ఇంటికే వచ్చింది. బాపమ్మ దాన్ని బొగ్గుల మీద కాల్చి, ఇంత ఉప్పు, కారం అద్ది, మొదటి ముక్క నా నోట్ల వెట్టింది. మా బాపు గూడ తిన్నడు. ఎట్లొచ్చిందని అడగలే. అడిగితె తినరాదని ఆయనకు తెల్సు.

గాజులత్తకు నేనంటే ఇష్టం. ఎందుకో నాకు తెల్వది, నాలో ఇష్టపడేటంత ఏముండె? "ఓ కోడలా" అని పిలుస్తుండె. గిరాకి లేనప్పుడు పిలగాండ్లతోని ఒక ఆట ఆడుతుండె. కండ్లు మూసుకొని గోడ దిక్కు మర్లి చెయ్యి ఎనుకకు సాపుతది. మేము ఒక్కొక్కలం ఆమె చేతుల మా చెయ్యి వెట్టాలె. ఆమె పిసికి పిసికి, "గిది కుండలోళ్ల చిన్నదాని చెయ్యి. గీడు సైకిలాయన కొడుకు, చేతులకు గ్రీజు పోలే" అని చెప్తుండె. ఒక్కసారి గూడ తప్పు చెప్పలే. "గాజులేసిన చెయ్యిని నూరేండ్లకైన మర్వ" అంటుండె. నా చెయ్యి పట్టుడు ఆమెకు మరీ అల్కగ. మిషన్ తోని ఆడుకోబోతె సూది నా బొటనేలు గోర్లకెళ్లి దిగింది. గోరు రెండు చీలికలైంది, ఇప్పటికీ గట్లనే ఉన్నది. ఆ దినం మా ఇంటోళ్లు తిట్టుకుంట నిలవడితె, నెత్తురు ఆగేదాక నా ఏలును కొంగుల సుట్టి పట్టుకున్నది గాజులత్తనే.

మూడో ఏడు వచ్చింది.

మా బాపు ఆ ఏడు నాకు ఆకుపచ్చ పట్టు లంగ కుట్టిండు. ఎవలిదో మిగిలిన బట్టే అయినా, అంచు ఉండె, మెరుస్తుండె. నేను దాన్ని నాలుగు దినాలు దిండు కింద వెట్టుకొని పన్న. పండుగకు ముందు దినం మా మేనత్త వచ్చింది బిడ్డను ఎంటవెట్టుకొని. ఆ పిల్ల లంగను సూసి ఏడ్సింది. బాపమ్మ నన్ను ఒక్క మాట అడగలే. దిండు కిందికెళ్లి తీసి ఆ పిల్లకు ఇచ్చేసింది. నేను లొల్లి చేస్తె చెంప మీద ఒక్కటిచ్చి, "దర్జీ బిడ్డకు బట్టలు తక్కువనా? వచ్చే ఏడు కుడ్తడు తీయ్" అన్నది. మా అమ్మ పొయ్యి ఊదుకుంట కూసున్నది. ఊరందరికి కొత్త బట్టలు కుట్టిన ఇంట్ల, దసరా నాడు నేను పాత గౌను తొడుక్కున్న.

పొద్దుగాల అరుగు మీద మొకం మాడ్సుకొని కూసున్న. గాజులత్త సూసింది. పెట్టె తీసి, ఆకుపచ్చ గాజులు రెండు చేతులకు నిండ ఏసింది. "లంగ లేకుంటే మాయె కోడలా, చేతులన్న కొత్తయి ఉండాలె పండుగకు" అన్నది. చేతులు ఊపితె గలగల. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడ్సుకుంటనే నిర్ణయం చేసుకున్న. ఇయ్యాల బాపమ్మ దగ్గినప్పుడు గుండీ ఇయ్య. గాజు ముక్క ఇస్త. సూస్కుంట ఉండు ముసల్దాన.

గంతే నాకున్న తెలివి. పదేండ్ల పోరికి ఇంకెంత ఉంటది?

గని ఆ దినమే సైకిలాయన అడ్డం తిరిగిండు. "రెండేండ్లు కార్జం ఒక్కటే ఇంటికి పోవుడేందయ్యా? ఏదో మతలబు ఉన్నది. ఈపారి కుప్పలు గాజులామె సూపెట్టాలె. ఒక్కతే మనిషి. ఆమెకు లాలూచి ఎందుకుంటది?" అన్నడు. అందరు సరే అన్నరు. బాపమ్మ మొకం మాడింది గని ఏమంటది? గాజులత్త వద్దు వద్దంటనే వచ్చింది. నేను గోడ దిక్కు మర్లి కూసున్న. ఒడిల ఆరు గురుతులు.

"గిదెవలిదే కోడలా?"

ఉక్కు గోళీ ఇచ్చిన.

"గిదెవలిదే?"

పెంకు ఇచ్చిన.

"మరి గిదెవలిదే?"

ఎనుక దగ్గు. నడుమ ఆగింది. మల్ల దగ్గు.

నా చేతికి గుండీ తాకింది. దాన్ని పక్కకు జరిపి గాజు ముక్క తీసి ఎనుకకు సాపిన. సాపంగనే నా చేతి గాజులు గలగలమన్నయి.

ఎనుకకు మర్లి సూసిన. గాజులత్త చెయ్యి ఇంక కార్జం కుప్ప మీదనే ఉన్నది. ఆమె గూడ నోరు తెరిచి గాజు ముక్క దిక్కే సూస్తున్నది.

మొదలు మొత్తుకున్నది బాపమ్మ.

"అగో! సూసిన్రా? సూసిన్రా అందరు? సూపెట్టేది అదే, కొట్టుకపోయేది అదే! పోరి చేతులు సూడుండ్రి, నిండ కొత్త గాజులు! పొద్దుగాల ఊకెనే ఏసిందా? లంచమేసింది! పసిపిల్లకు లంచమేసింది దొంగముండ!"

ఓయమ్మ, ఆ నోరు! ఎవలు దగ్గిన్రో, ఎందుకు దగ్గిన్రో తెల్సిన నోరే అది. సైకిలాయన ఎర్రగ సూసిండు. ఆమె పేరు చెప్పింది తనేనాయె, అందుకే అందరికంటె ఎక్కువ కోపం ఆయనకే. కుండలోళ్లు, బట్టలోళ్లు గుసగుస మొదలువెట్టిన్రు. కల్లు తాత ఒక్కడే, "పోనీయుండ్రి, పిల్ల చేతికేదొస్తె అది ఇచ్చింది" అన్నడు. ఆయన మాట ఎవలింటరు?

గాజులత్త నా ముందటికి వచ్చి మోకాళ్ల మీద కూసున్నది. ఆమెకు కోపం లేదు మొకంల. నవ్వబోయింది గూడ. "కోడలా, నువ్వే చెప్పు. అందరి ముందట చెప్పు. కార్జం నాకే ఇయ్యిమని నేను నీకు చెప్పిన్నా?"

నా ఎనుకకు బాపమ్మ వచ్చి నిలవడ్డది. నా భుజం మీద చెయ్యేసింది. గోర్లు గౌనులకెళ్లి దిగినయి. ఎదురుంగ మా బాపు, మెడల కొలత టేపు ఏసుకొని కిందికి సూస్తుండు. చెప్పనీకి నాకు ఒక్క మాట ఉండె. బాపమ్మ దగ్గింది. గా ఒక్క మాట చెప్తె అయిపోవు. అట్ల చెప్తె రెండేండ్ల కార్జం గూడ బయటవడ్తది, బాపు మొకం పోతది, ఇంటికి పోయినంక నా తోలు పోతది. ఇన్ని ఆలోచించిన్నా అప్పుడు? ఏమో. ఇప్పుడు చెప్పుకునేటందుకు అన్ని కారణాలు దొరుకుతయి. భయమైంది. గంతే.

తలకాయె ఊపిన. అవునన్నట్టు.

గాజులత్త నన్ను సూసింది. బాపమ్మను సూడలే, సైకిలాయనను సూడలే, నన్నే సూసింది. తర్వాత లేసి, కార్జం రెండు చేతులతోని తీసి మా బాపు ముందట పెట్టింది. "తినుండ్రి" అన్నది. తన కుప్ప ముట్టలే.

"ఇగ నా అరుగు దిగు," అన్నది బాపమ్మ.

పిలిచి గాజులేయించుకున్నోళ్లే, పురిట్ల నీళ్లు కాయించుకున్నోళ్లే, ఆమె పెట్టెలు సర్దుకుంటుంటె తలా ఒక కుప్ప గిన్నెలకు ఎత్తుకొని లోపటికి పోయిన్రు. కూర మీద ఈగలొస్తయని తొందర. పగటీలికి ఆమె గాజుల పెట్టెలు నెత్తిన వెట్టుకొని కోహెడ బస్సు ఎక్కింది. ఆడ ఆమె తల్లిగారి తరుపోళ్లు ఎవలో ఉన్నరట. పండుగ నాడు అందరు ఊర్లకు వస్తరు, ఆమె పోయింది.

మొదలు బాపమ్మ నా చేతి గాజులు రోకలిబండతోని పలగొట్టింది. తర్వాత కార్జం కాల్చింది. ఉప్పు, కారం అద్ది, మొదటి ముక్క నాకే ఇచ్చింది. ఆమె మాట మీద నిలవడే మనిషి, గది మాత్రం ఒప్పుకోవాలె. నేను తిన్న. అబద్ధమెందుకు, మంచిగనే ఉండె.

పొద్దుమీకి జమ్మాకు తెచ్చుకొని అందరు ఒకలింటికొకలు పోయి, చేతుల బంగారం అని పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నరు. సైకిలాయన మా బాపును గట్టిగ కావలిచ్చుకొని, "నిన్ను ఉత్తగ అనుమానవడ్డ, మనసుల పెట్టుకోకు" అన్నడు. మా బాపు ఏమన్నడు? "అయ్యో, మనం మనం ఒక్కటి" అన్నడు. మా తమ్ముడు వాట్సాప్‌ల రాసే ప్రేమలు గివే.

ఆ అరుగు మీదికి రెండో మిషన్ ఎన్నడూ రాలే. మల్లేడు పొత్తుల యాట గూడ రాలే. గురుతులు పట్టుకొని గోడ దిక్కు కూసోనీకి ఎవలూ తమ పిల్లను ఇయ్యలే, వేరేటోళ్ల పిల్లను నమ్మలే. ఎవలి కూర ఆళ్లే కొనుక్కున్నరు. కిలోల దుకాణం గట్లొచ్చింది మా గల్లీకి.

నాకు పెండ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టినంక ఒకపారి కోహెడ అంగడికి పోయిన. కావాల్ననే పోయిన. పత్తి మూటల బండ్లు దాటి, మిరపకాయల కుప్పల అవతల, ఒక ముసలామె చాప పర్సుకొని గాజులేస్తున్నది. కండ్లకు తెల్లటి పొరలొచ్చినయి. మనుషులు ఆనుతలేరు, చేతులతోనే తడిమి సూసుకుంటున్నది. గొంతు ఇన్నంగనే పోల్చిన.

నేను ముందట కూసోని ఏం మాట్లాడకుంట చెయ్యి సాపిన.

"ఏ రంగు కావాలె అమ్మా?" అనుకుంట ఆమె నా చెయ్యి పట్టుకున్నది. పిసికింది. బొటనేలు కాడికి వచ్చి ఆగింది. గోరు మీద తన ఏలు పెట్టి, ఆ చీలిక మీదికెళ్లి ఒకసారి, మల్లొకసారి రాసింది. తర్వాత నా చెయ్యి తీసి మెల్లగ నా ఒడిలనే పెట్టింది.

"నీ సైజు గాజులు నా తాన లెవ్వమ్మా."

కోడలా అనలే. అందర్ని పిలిచినట్టు అమ్మా అన్నది. ఆమె ముందట నా సైజు ఆకుపచ్చ గాజులు రెండు డబ్బాలున్నయి, నాకు కనవడ్తనే ఉన్నయి.

"అత్తా, నేనే," అన్న. ఇన్నేండ్లు నోట్ల దాసుకున్న మాట గప్పుడు కక్కిన. "ఆ దినం మా బాపమ్మ దగ్గింది అత్తా. దగ్గితె గుండీ ఇయ్యాలెనని నాకు చెప్పింది. నేను నీకు కార్జం రావాల్నని..."

"నాకెర్కే," అన్నది. "నాకు చెవులు లెవ్వా? ఆ దగ్గు ఆ దినమే ఇన్న. దగ్గింది మీ బాపమ్మ. తలకాయె ఊపింది నువ్వు."

గంతే. గొంతు లేపలే. నా పక్కకెళ్లి ఎనుకకు చెయ్యి సాపి, "ఎవలమ్మా ఎనుక, ముందటికి రా, చెయ్యి ఇయ్యి" అన్నది. ఎవలో పెండ్లిపిల్ల తల్లి నన్ను మోచేతితోని నెట్టుకుంట వచ్చి నా జాగల కూసున్నది.

మల్ల ఏడు పోతె ఆ చాప లేదు. ఎవల్ని అడిగినా ఎప్పుడు పోయిందో సరిగ చెప్పలే.

"అమ్మా! ఓ అమ్మా! ఎంతసేపు? ఎనుక మంది ఉన్నరు," అని మటన్ కొట్టేటాయన కత్తి మొద్దు మీద కొట్టిండు. "కార్జం ఎయ్యాల్నా వద్దా? తలకాయె ఊపరాదు?"

మా ఇంట్ల గూడ గిదే లొల్లి. మనుమరాలు, "నానమ్మా, అన్నిటికి నోరెందుకు, తల ఊపితె చాలదా" అంటది. డాక్టరు గట్లనే అంటడు. నేను ఊప. ఆ దినం సంది దేనికీ ఊప.

"వద్దు," అన్న. అందరికి ఇనవడేటట్టు, నోటితోనే చెప్పిన. "నాకు కార్జం వద్దు."